గ్రాంటు ఎవరికి, ఎంత, ఎందుకు?
అభివృద్ధి సహాయం, పరిశోధన నిధుల బహిరంగ ప్రకటన

ప్రయోగశాలలో పనిచేసేవారికి మొదటి రోజునే నేర్పే అలవాటు ఒకటి ఉంది. నోటు పుస్తకంలో తేదీ వేయాలి, తీసుకున్న పదార్థం ఎంతో రాయాలి, వచ్చిన ఫలితం ఎంతో రాయాలి. పుస్తకంలో లేని ప్రయోగం జరగనట్టే లెక్క. మరొకరు ఆ పుస్తకం చూసి అదే ప్రయోగం మళ్ళీ చేయగలిగితేనే దానికి విలువ.

ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందా? ఒక దేశ ప్రభుత్వం తన ప్రజల పన్నుల డబ్బును మరో దేశంలో బడి కట్టడానికో, రోగ నివారణకో, ఒక శాస్త్రవేత్త పరిశోధనకో ఇచ్చినప్పుడు, ఆ లెక్క ఎవరైనా చూడగలిగే చోట ఉండాలా? ఉంటే దాన్ని సామాన్యులు ఎలా చదువుకోవాలి? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఇదే. ఇది ఆర్థికశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయమని అనుకోకండి. 2025లో మన దేశమంతా మాట్లాడుకున్న ఒక వివాదం చివరికి ఒక గ్రాంటు రికార్డు దగ్గరే తేలింది. దాని సంగతి కొద్దిసేపట్లో చెబుతాను.

గ్రాంటు అంటే ఏమిటి?

అప్పు ఇస్తే తిరిగి రావాలి. కాంట్రాక్టు ఇస్తే ప్రభుత్వానికి కావలసిన వస్తువో సేవో చేతికి రావాలి. గ్రాంటు ఈ రెండింటికీ భిన్నమైనది. ఒక ప్రజాప్రయోజనం కోసం, షరతులతో, తిరిగి చెల్లించనవసరం లేకుండా ఇచ్చే డబ్బు గ్రాంటు. పుచ్చుకున్నవారు డబ్బు తిరిగి ఇవ్వనక్కర లేదు గానీ లెక్క మాత్రం తప్పక ఇవ్వాలి.

మన దేశంలో గ్రాంటు పుచ్చుకున్న సంస్థ యుటిలైజేషన్ సర్టిఫికెట్ సమర్పించాలి. కళాశాలల్లో, పరిశోధన సంస్థల్లో దీన్ని అందరూ 'యు.సి.' అనే అంటారు. 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల లోపు ఇది ప్రభుత్వానికి చేరాలి. ఇది కాక, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే 'కాగ్', 1971 నాటి చట్టం కింద కొన్ని సంస్థల లెక్కలను తనిఖీ చేస్తారు. ఒక సంస్థకు ఏడాదిలో 25 లక్షల రూపాయలకు తక్కువ కాకుండా గ్రాంటో అప్పో అంది, అది ఆ సంస్థ మొత్తం ఖర్చులో 75 శాతానికి తక్కువ కాకపోతే, ఆ సంస్థ లెక్కలు కాగ్ తనిఖీ కిందికి వస్తాయి.

అయితే ఒక తేడా గమనించాలి. యు.సి. అనేది పుచ్చుకున్నవారు ఇచ్చినవారికి చెప్పే లెక్క. కాగ్ నివేదిక ప్రభుత్వం చట్టసభకు చెప్పే లెక్క. ఈ రెండింటిలోనూ పన్ను కట్టిన మనిషికి, గ్రాంటు ఎవరి పేరుమీద వచ్చిందో ఆ ఊరి మనిషికి నేరుగా చోటు లేదు. బహిరంగ ప్రకటన పూరించేది ఈ లోటునే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రభుత్వ కాగితాలను పౌరులు చూడవచ్చునని మొదట చట్టం చేసిన దేశం స్వీడన్. అది 1766లో. అప్పట్లో స్వీడన్‌లో భాగంగా ఉన్న ఫిన్లాండ్ ప్రాంతానికి చెందిన ఆండర్స్ కిడేనియస్ అనే మతగురువు దీనికోసం గట్టిగా వాదించాడు. అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టం వచ్చింది సరిగ్గా రెండు వందల ఏళ్ళ తర్వాత, 1966లో.

మన దేశంలో ఈ హక్కు పల్లెల నుంచి వచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లో ఏర్పడింది. కరువు పనులకు వచ్చిన కూలీలకు పూర్తి కూలి ఎందుకు రావడం లేదని వారు అడిగారు. మస్టర్ రోల్ చూపించమన్నారు. 1994లో జరిపిన జన సునవాయీలో పనుల రికార్డులను ఊరి జనం ముందు గట్టిగా చదివారు. పని చేయనివారి పేర్లు, కట్టని కట్టడాల బిల్లులు అందరి ఎదుటా బయటపడ్డాయి. ఆ ఉద్యమాల ఫలమే 2005 సమాచార హక్కు చట్టం. అదే ఏడాది అక్టోబరు 12 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది.

ఈ చట్టం అనగానే పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టడం గుర్తుకు వస్తుంది. కానీ దరఖాస్తు పెట్టాల్సిన అవసరమే రాకూడదన్నది చట్టం ఉద్దేశం. 4వ సెక్షన్ చూడండి. ప్రతి ప్రభుత్వ సంస్థ 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అది చెబుతుంది. ప్రతి విభాగానికి కేటాయించిన బడ్జెట్టు, చేసిన చెల్లింపుల నివేదికలు, సబ్సిడీ పథకాల అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు అందులో ఉన్నాయి. అదే సెక్షన్‌లో మరో మాట కూడా ఉంది. సమాచారాన్ని అందించేటప్పుడు ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే ప్రచార పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలి. ఈ మాట మనకు మళ్ళీ పనికివస్తుంది.

దేశాల సరిహద్దులు దాటే డబ్బు

ఒక ఊళ్ళో తవ్విన చెరువు లెక్క ఆ ఊళ్ళో చదవవచ్చు. ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్ళే గ్రాంటు లెక్క ఎక్కడ చదవాలి? ఇచ్చిన దేశపు రాజధానిలోనా? పుచ్చుకున్న దేశపు మంత్రిత్వ శాఖలోనా? మధ్యలో ఉన్న సంస్థ కార్యాలయంలోనా? చాలాకాలం దీనికి సరైన జవాబు లేదు. పేద దేశాల ఆర్థిక మంత్రులకు కూడా తమ దేశంలో వచ్చే ఏడాది ఏ దాత ఎంత ఖర్చు చేయబోతున్నాడో తెలిసేది కాదు. తెలియకపోతే ఆరోగ్య శాఖకు ఎంత కేటాయించాలో ఎలా నిర్ణయిస్తారు? ఒకే జిల్లాలో మూడు దాతృ సంస్థలు మూడు శిక్షణ కేంద్రాలు కట్టవచ్చు, పక్క జిల్లాలో ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఈ ఇబ్బందిని తగ్గించడానికి 2008 సెప్టెంబరులో ఘనా రాజధాని అక్రాలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ సహాయ పారదర్శకతా కార్యక్రమం మొదలైంది. దీన్ని పొట్టిగా ఐ.ఎ.టి.ఐ. అంటారు. ఇది డబ్బు ఇచ్చే సంస్థ కాదు. లెక్క ఏ రూపంలో రాయాలో చెప్పే ఒక ప్రమాణం. పొడవు కొలవడానికి అందరికీ ఒకే మీటరు ఉన్నట్టు, సహాయాన్ని రాయడానికి అందరికీ ఒకే పట్టిక ఉండాలన్నదే దీని ఉద్దేశం. 2011 జనవరిలో బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ ఈ ప్రమాణంలో మొట్టమొదట తన లెక్కలు ప్రచురించింది. ఆ శాఖ 2020లో విదేశాంగ శాఖలో విలీనమైపోయింది.

అమెరికాలో ఈ పనికి ఒక చట్టమే వచ్చింది. 2006లో రెండు పార్టీల సెనేటర్లు కలిసి తెచ్చిన చట్టం ప్రకారం, 25,000 డాలర్లకు మించిన సమాఖ్య ప్రభుత్వ గ్రాంట్లు, కాంట్రాక్టులు అన్నీ ఎవరైనా వెతుక్కోగల ఒకే వెబ్‌సైటులో ఉండాలి. ఆ ఇద్దరు సెనేటర్లలో ఒకరు బరాక్ ఒబామా, మరొకరు టామ్ కోబర్న్. యు.ఎస్.ఎ.స్పెండింగ్ అనే ఆ వెబ్‌సైటు 2007 డిసెంబరులో మొదలైంది.

ఒక గ్రాంటు రికార్డును చదవడం ఎలా?

గ్రాంటు రికార్డు చూడటానికి రైల్వే టైంటేబుల్‌లా ఉంటుంది. గళ్ళ అర్థం తెలిస్తే సులువు, తెలియకపోతే గందరగోళం. ముఖ్యమైన గళ్ళు ఇవి.

మొదటిది గుర్తింపు సంఖ్య. పేర్లు మారతాయి, సంఖ్య మారదు. రెండు రికార్డులు ఒకే గ్రాంటువా కాదా అని తేల్చేది ఇదే.

రెండవది ఎవరి పాత్ర ఏమిటి అన్నది. ఐ.ఎ.టి.ఐ. పట్టికలో నాలుగు పాత్రలున్నాయి. డబ్బు ఇచ్చేవారు, ఫలితానికి జవాబుదారీగా ఉండేవారు, డబ్బును ముందుకు పంపేవారు, చివరగా పని చేసేవారు. ఒకే డబ్బు నాలుగు చేతులు మారవచ్చు. నలుగురూ తమ తమ లెక్కల్లో దాన్ని చూపిస్తారు. ఆ నాలుగింటినీ కూడితే ఒక్క రూపాయి నాలుగు రూపాయలుగా కనబడుతుంది.

మూడవది స్థలం. ఇక్కడ జాగ్రత్త అవసరం. గ్రాంటు పుచ్చుకున్న సంస్థ చిరునామా ఒకచోట ఉంటుంది, పని జరిగే దేశం మరోచోట ఉంటుంది. వాషింగ్టన్ చిరునామా ఉన్న సంస్థకు వచ్చిన డబ్బు ఢాకాలో ఖర్చు కావచ్చు.

నాలుగవది మొత్తం. దీన్ని మన వ్యవసాయంతో పోల్చి చెబుతాను. చెరువులో ఇన్ని అడుగుల నీరుందంటే అది ఇస్తామని ఒప్పుకున్న మొత్తం. తూము ఎత్తి కాలువలోకి వదిలిన నీరు విడుదల చేసిన మొత్తం. పొలానికి చేరి మడి తడిపిన నీరు నిజంగా ఖర్చయిన మొత్తం. ఈ మూడూ ఒకటి కావు. పత్రికల్లో సాధారణంగా వచ్చేది మొదటి అంకె. ఊరికి చేరేది మూడవది.

ఐదవది కాలం. ఐదేళ్ళ గ్రాంటును ఒక ఏడాది గ్రాంటుగా చదివితే లెక్క ఐదింతలు పెరుగుతుంది. రికార్డులో మొదలైన తేదీ, ముగిసే తేదీ తప్పక చూడాలి.

రెండు కోట్ల పది లక్షల డాలర్ల వివాదం

ఇప్పుడు ముందు చెప్పిన వివాదానికి వద్దాం. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సామర్థ్య విభాగం తాము రద్దు చేసిన విదేశీ ఖర్చుల జాబితా ఒకటి ప్రకటించింది. అందులో 'భారతదేశంలో ఓటింగు శాతం కోసం 2 కోట్ల 10 లక్షల డాలర్లు' అని ఒక పద్దు ఉంది. ఆ ఒక్క వాక్యంతో మన దేశంలో పెద్ద దుమారం లేచింది. ఆ డబ్బు ఎవరు తీసుకున్నారు, ఏ ఎన్నికల్లో ఖర్చుపెట్టారు అని పార్టీలు ఒకదాన్నొకటి నిలదీశాయి.

ఆ జాబితాలో లేనివి ఏమిటో చూడండి. గ్రాంటు సంఖ్య లేదు. మొదలైన తేదీ లేదు. ఒప్పుకున్న మొత్తమా, ఖర్చయిన మొత్తమా అన్నదీ లేదు. మనం ఇప్పుడే చెప్పుకున్న ఐదు గళ్ళలో సగం ఖాళీగానే ఉన్నాయి.

కొద్ది రోజులకే 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' పత్రిక రికార్డులు వెతికి ఒక కథనం రాసింది. దాని ప్రకారం 2 కోట్ల 10 లక్షల డాలర్ల గ్రాంటు 2022లో మంజూరైంది భారతదేశానికి కాదు, బంగ్లాదేశ్‌కు. అందులో 1 కోటి 34 లక్షల డాలర్లు అప్పటికే ఖర్చయ్యాయి. మన ఆర్థిక మంత్రిత్వ శాఖ 2023-24 వార్షిక నివేదికలో కూడా అమెరికా అభివృద్ధి సంస్థతో కలిసి నడుస్తున్న ఏడు ప్రాజెక్టుల ప్రస్తావన ఉంది. వాటి మొత్తం సుమారు 75 కోట్ల డాలర్లు. అవి వ్యవసాయం, తాగునీరు, ఆరోగ్యం, పునరుత్పాదక ఇంధనం, విపత్తుల నిర్వహణ వంటి రంగాలవి. ఓటింగు అనే పేరుతో ఒక్కటీ లేదు. తర్వాత 2025 ఆగస్టులో విదేశాంగ శాఖ రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో, అమెరికా రాయబార కార్యాలయం తమకు ఏమి తెలిపిందో చెప్పింది. 2014 నుంచి 2024 వరకు భారతదేశంలో ఓటింగు కోసం అటువంటి నిధులు ఆ సంస్థ ఇవ్వలేదని, పుచ్చుకోలేదని రాయబార కార్యాలయం తెలిపింది.

ఈ ఉదాహరణను రాజకీయం కోసం తీసుకోలేదు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, గళ్ళు నింపని ఒక్క వాక్యం ఎంత అనుమానాన్నైనా పుట్టించగలదు. రెండు, ఆ అనుమానాన్ని తీర్చడానికి మరో ఉపన్యాసం చాలలేదు. సంఖ్యతో, దేశంతో, తేదీతో ఉన్న రికార్డే కావలసి వచ్చింది. ఆ రికార్డు బహిరంగంగా లేకపోయి ఉంటే ఎవరి మాట నమ్మాలో ఈ రోజుకీ తేలేది కాదు.

ఇంకొక విషయం. 1961లో ఏర్పడిన ఆ అభివృద్ధి సంస్థ వెబ్‌సైటు 2025 ఫిబ్రవరి మొదటి తేదీన మూతపడింది. అదే ఏడాది జులై 1 నాటికి ఆ సంస్థ విదేశీ సహాయం అందించడం మానేసింది. సంస్థ సొంత పుటలు పోయినా గ్రాంటు రికార్డులు మాత్రం వేరే చట్టం కింద వేరే చోట ఉన్నందువల్ల మిగిలాయి. డబ్బు ఖర్చుపెట్టేవారి చేతిలోనే లెక్క పుస్తకం ఒక్కటే ప్రతిగా ఉండకూడదనడానికి ఇంతకన్న మంచి నిదర్శనం దొరకదు.

ఒకే సహాయం, రెండు లెక్కలు

ఇప్పుడు బ్రిటన్ సంగతి. భారతదేశానికి సంప్రదాయ గ్రాంటు సహాయం 2015తో ఆపేస్తామని బ్రిటన్ 2012లో ప్రకటించింది, ఆపేసింది కూడా. కానీ బ్రిటన్ సహాయంపై స్వతంత్ర తనిఖీ కమిషన్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2016 నుంచి 2021 వరకు సుమారు 230 కోట్ల పౌండ్ల బ్రిటన్ సహాయం భారతదేశానికి చేరింది.

ఆపేసిన సహాయం ఎలా చేరింది? గళ్ళు విప్పి చూస్తే తెలుస్తుంది. అందులో 44 కోట్ల 10 లక్షల పౌండ్లు నేరుగా ఇచ్చిన సహాయం. పరిశోధన సహకారం వంటివి ఇందులోకి వస్తాయి. 12 కోట్ల 90 లక్షలు పెట్టుబడి రుణాలు. 74 కోట్ల 90 లక్షలు అంతర్జాతీయ సంస్థల ద్వారా వచ్చినవి. మిగిలిన సుమారు 100 కోట్లు బ్రిటన్ అభివృద్ధి పెట్టుబడి సంస్థ ఇక్కడి కంపెనీల్లో పెట్టిన పెట్టుబడి. 'సహాయం ఆగింది' అన్నవారూ, 'సహాయం వందల కోట్లు' అన్నవారూ ఇద్దరూ నిజమే చెప్పారు. 'సహాయం' అనే మాటకు ఇద్దరూ వేర్వేరు అర్థాలు తీసుకున్నారంతే. భౌతికశాస్త్రంలో బరువు, ద్రవ్యరాశి అనే మాటలను కలిపేస్తే లెక్క తప్పుతుంది కదా, ఇదీ అంతే.

పరిశోధన గ్రాంట్లు: ఏది చెప్పాలి, ఏది దాచవచ్చు?

పరిశోధన గ్రాంట్లకు ఒక ప్రత్యేకత ఉంది. బడి కట్టడానికి ఇచ్చిన డబ్బుకు గోడలు కనబడతాయి. పరిశోధనకు ఇచ్చిన డబ్బుకు కొన్నిసార్లు 'మేము అనుకున్నది నిజం కాదని తేలింది' అన్నదే ఫలితం. అదీ విలువైనదే. అందువల్ల ఇక్కడ బహిరంగపరచవలసినది ఖర్చు ఒక్కటే కాదు. ప్రశ్న ఏమిటి, పద్ధతి ఏమిటి, ఎవరు చేశారు, ఏ పత్రాలు వెలువడ్డాయి అన్నవి కూడా చెప్పాలి.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ గ్రాంట్లన్నిటినీ రిపోర్టర్ అనే వెబ్‌సైటులో ఉంచుతున్నాయి. ప్రాజెక్టు పేరు, ప్రధాన పరిశోధకుడు, సంస్థ, ఏడాదివారీ మొత్తం, సారాంశం అందులో ఉంటాయి. మన దేశంలో శాస్త్ర సాంకేతిక శాఖ కింద, కేంద్ర ప్రభుత్వ సంస్థలు నిధులిచ్చిన పరిశోధన ప్రాజెక్టుల డైరెక్టరీని ఏళ్ళ తరబడి అచ్చువేశారు. కళాశాల గ్రంథాలయంలో ఆ లావాటి పుస్తకం తిరగేస్తే, మనం చేయదలచుకున్న పని ఇంకెక్కడైనా జరుగుతోందా అన్నది తెలిసేది. యువ పరిశోధకులకు ఇది చిన్న మేలు కాదు.

మన రాష్ట్రాలకు దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ అనేక దేశాల ప్రభుత్వాల నిధులతో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధన చేస్తోంది. బయోటెక్నాలజీ శాఖ, లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్స్ హైదరాబాదు కేంద్రంగా ఫెలోషిప్పులు ఇస్తోంది. ఒకే పనికి రెండు దేశాల డబ్బు కలిసినప్పుడు ఎవరి నిబంధన ప్రకారం లెక్క చెప్పాలన్న ప్రశ్న ఇటువంటి చోట్ల సహజంగా వస్తుంది.

బహిరంగ లెక్క పరిశోధకులను కాపాడిన సందర్భమూ ఉంది. బ్రిటన్ తన సహాయ లక్ష్యాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించినప్పుడు, 2021 మార్చిలో అక్కడి పరిశోధన మండలి ఒక లేఖ బయటపెట్టింది. అప్పటికే ఒప్పుకున్న గ్రాంట్లకూ, ఆ ఏడాదికి చేతికి వచ్చిన డబ్బుకూ మధ్య 12 కోట్ల పౌండ్ల లోటు ఉందని అందులో ఉంది. చెరువులో ఉందనుకున్న నీరు కాలువకు రాలేదన్నమాట. నడుస్తున్న ప్రాజెక్టులు కొన్ని మధ్యలో కుంచించుకుపోయాయి. పేద దేశాల్లోని భాగస్వాములకు కూడా ఈ దెబ్బ తగిలింది. అయితే లోటు ఎంతో అంకెతో సహా తెలిసింది కనుక విశ్వవిద్యాలయాలు, శాస్త్రవేత్తలు గట్టిగా ప్రశ్నించగలిగారు.

మరి దాచవలసినవి లేవా? ఉన్నాయి. పేటెంటు రాకముందు పరిశోధన వివరాలు, రోగుల పేర్లు, హింస ఉన్న దేశంలో పనిచేస్తున్న కార్యకర్తల చిరునామాలు బయటపెడితే ఎవరికో హాని జరుగుతుంది. మన చట్టం 8వ సెక్షన్ ఇలాంటి మినహాయింపులు ఇచ్చింది. వ్యాపార రహస్యాలు ఒకటి, విదేశీ ప్రభుత్వం గోప్యంగా ఇచ్చిన సమాచారం మరొకటి. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన క్లాజును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సవరించింది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. దీనివల్ల మినహాయింపు పరిధి విస్తరించిందని సమాచార హక్కు కార్యకర్తల ఆందోళన. హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చునన్న 8(2) మాత్రం చట్టంలో అలాగే ఉంది.

నా అనుభవంలో గ్రాంటు పేరు, మొత్తం, సంస్థ, కాలం అనే నాలుగింటిని దాచవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. దాచవలసినది లోపలి వివరం. తాళం బీరువాకు వేయాలి గానీ ఇంటి నంబరు చెరిపేయనక్కర లేదు.

మనమూ ఇచ్చేవాళ్ళమే

విదేశీ సహాయం అనగానే మనం పుచ్చుకునే వైపే ఆలోచిస్తాం. భారతదేశం ఇచ్చే దేశం కూడా. ఇతర దేశాల ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే ఐటెక్ కార్యక్రమం 1964లోనే మొదలైంది. ఈ పనుల కోసం విదేశాంగ శాఖలో 2012లో ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2025-26 బడ్జెట్టు అంచనాల్లో భూటాన్‌కు 2,150 కోట్ల రూపాయలు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు కేటాయించారు. ఈ అంకెలు బడ్జెట్టు పత్రాల్లో ఎవరైనా చూడవచ్చు.

ఇది మెచ్చుకోవలసిందే. అయితే బడ్జెట్టు పద్దు దేశంవారీ మొత్తాన్ని చెబుతుంది. ఆ మొత్తంలో ఏ జిల్లాలో ఏ బడి, ఏ ఆసుపత్రి, ఎవరు కట్టారు, ఎంతవరకు వచ్చింది అన్న వివరం దానిలో ఉండదు. ధనిక దేశాల సహాయ సంఘంలో భారతదేశం సభ్యురాలు కాదు. కనుక ఆ సంఘం పట్టికల్లో మన లెక్కను వెతకడం కూడా కుదరదు. మనం పుచ్చుకున్నప్పుడు దాతల నుంచి ఏ వివరాలు కోరామో, మనం ఇచ్చేటప్పుడు నేపాలీ పౌరుడు, భూటాన్ పౌరుడు మన నుంచి అవే కోరడం న్యాయం. ఆ డబ్బు కట్టిన మన పౌరుడు అడగడం మరీ న్యాయం.

ప్రకటిస్తే సరిపోతుందా?

సరిపోదు. లక్ష వరుసల కంప్యూటరు పట్టిక వెబ్‌సైటులో ఉంచి 'మేము బహిరంగంగా ఉన్నాం' అనడం, తాళపత్రాలను గుట్టగా పోసి 'చదువుకోండి' అనడం వంటిది. అది చదవడానికి ఇంగ్లీషు రావాలి, కంప్యూటరు ఉండాలి, తీరిక ఉండాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసి చూపించిన ఒక పనిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఉపాధి హామీ పథకం మొదలైన 2006 నుంచే ఇక్కడ సామాజిక తనిఖీ నడిపారు. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థను స్థాపించారు. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, రికార్డుల ప్రతులతో ఇంటింటికీ పంపారు. తర్వాత అందరి ముందు బహిరంగ సభలో చదివించారు. 'నీ పేరున ఇన్ని రోజులు పని చేసినట్టు రాసి ఉంది, నిజమేనా అమ్మా?' అని అడిగితే జవాబు చెప్పడానికి చదువు అక్కరలేదు. సెక్షన్ 4లోని 'స్థానిక భాష' అన్న మాటకు అసలు అర్థం ఇది. విదేశీ గ్రాంటుతో నడిచే ఆరోగ్య కార్యక్రమానికి, మేలు విత్తనాల పరిశోధనకు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. ప్రాజెక్టు జరిగే ఊళ్ళో పంచాయతీ గోడ మీద తెలుగులో నాలుగు వరుసలు రాసినా చాలు.

ఇంకొక హెచ్చరిక. బహిరంగంగా ఉన్నది ఎప్పటికీ అలాగే ఉంటుందని భరోసా లేదు. విదేశీ విరాళాలు అందుకునే స్వచ్ఛంద సంస్థలు మూడు నెలలకోసారి వెబ్‌సైటులో వివరాలు పెట్టాలన్న నిబంధనను 2022 జులైలో తొలగించారు. ఏడాదికోసారి లెక్క చెప్పడం మాత్రం మిగిలింది. ఇతియోపియా కరువు తర్వాత 1985లో అమెరికా నిధులతో మొదలైన కరువు ముందస్తు హెచ్చరిక వ్యవస్థ వెబ్‌సైటు 2025 జనవరి చివర ఆగిపోయింది. తిరిగి తెరుచుకోవడానికి నెలలు పట్టింది. సమాచారం కూడా ఒక గ్రాంటుతోనే నడుస్తుంది. ఆ గ్రాంటు ఆగితే అదీ ఆగుతుంది. కనుక ముఖ్యమైన రికార్డులకు ఒకటికి మించి ప్రతులు, ఒకటికి మించిన చోట్ల ఉండాలి.

సారాంశం

1. గ్రాంటు తిరిగి చెల్లించనక్కరలేని డబ్బు. లెక్క మాత్రం తప్పనిసరి. ఆ లెక్క ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్యనే ఆగిపోకూడదు.
2. రికార్డులో ఐదు గళ్ళు చూడాలి: సంఖ్య, పాత్ర, స్థలం, మొత్తం, కాలం.
3. ఒప్పుకున్నది, విడుదలైనది, ఖర్చయినది వేర్వేరు అంకెలు.
4. 'సహాయం' అన్న మాటలో గ్రాంటు, రుణం, పెట్టుబడి కలిసిపోవచ్చు. విడదీసి చదవాలి.
5. గోప్యత లోపలి వివరాలకు కావచ్చు. పేరు, మొత్తం, సంస్థ, కాలం బయట ఉండాలి.
6. జనం భాషలో జనం దగ్గరకు చేరినప్పుడే ప్రకటన పూర్తయినట్టు.

మీరు చేసి చూడండి

1. మీ కళాశాలకు లేదా మీకు దగ్గరలోని పరిశోధన సంస్థకు వచ్చిన ఒక గ్రాంటును ఎంచుకోండి. ఐదు గళ్ళలో ఎన్ని మీకు బహిరంగంగా దొరికాయో రాయండి. దొరకనివాటికి సమాచార హక్కు దరఖాస్తు ఒకటి తయారుచేయండి.
2. ఈ వారం పత్రికలో వచ్చిన ఒక విదేశీ సహాయ వార్తను తీసుకోండి. అందులోని అంకె చెరువు నీరా, కాలువ నీరా, పొలం నీరా? వార్తలో ఆధారం చూపండి.
3. మీ ఊళ్ళో నడుస్తున్న ఒక ప్రాజెక్టు వివరాలను, చదువు అంతంతమాత్రం వచ్చినవారికి కూడా అర్థమయ్యేలా, నాలుగు వరుసల తెలుగు బోర్డుగా రాయండి. రాసినదాన్ని ఆ ఊరి ఇద్దరికి చదివి వినిపించండి. వారు మొదట అడిగిన ప్రశ్న ఏమిటో గుర్తుపెట్టుకోండి. బోర్డులో చేర్చవలసిన ఐదవ వరుస అదే.